ఉడకబెట్టిన మట్టి

ఆ రోజు నేను చేసిన తప్పేమిటో ముందే చెప్పేస్తాను. వినుకొండ వైపు మా నిమ్మ నర్సరీలో, ఇరవై మంది కూలీలు చూస్తుండగా, ఒక ఆడమనిషి చేతిలోని మట్టిగంపను లాక్కుని గట్టు అవతల బోర్లించాను. రేపటినుంచి పనిలోకి రావద్దన్నాను. ఆ రోజు ఆ నర్సరీ మొత్తంలో సరైన పని చేస్తున్నది ఆమె ఒక్కతే. అక్కడితో ఆగినా బాగుండేది. నాలుగు నెలల తర్వాత మొక్కలు ఎదగకపోతే, దానికి కారణం ఆమె గంపేనని కాగితం మీద రాసి సంతకం పెట్టాను.

వ్యవసాయశాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మీ సర్వీసులో గర్వంగా చెప్పుకునేది ఏమిటి సార్?" అని అడుగుతారు. నేను ఈ సంగతే చెబుతాను. తప్పు చేసినందుకు గర్వమా అని మొహమొహాలు చూసుకుంటారు. చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది.

మాది ప్రత్తిపాడు దగ్గర నల్లరేగడి పల్లె. పత్తి, మిరప తప్ప మూడో పంట ఎరగని ఇల్లు. మిరప నారు పోసే ముందు మా నాన్న మడి మీద ఎండు మిరపకట్టె పరిచి తగలబెట్టేవాడు. అలా చేస్తే నారు కుళ్లదని ఆయన నమ్మకం. నిజంగానే కుళ్లేది కాదు. మట్టిలో ఉండే బూజులన్నీ మొక్కకు శత్రువులే, వాటిని చంపడమే మంచి రైతు పని అనే అభిప్రాయం నాకు అలా చిన్నప్పుడే పడిపోయింది. కాలేజీలో చదివిన పాఠాలు దాన్ని ఇంకా గట్టిచేశాయి. చదవకుండా వదిలేసిన పాఠాల సంగతి తర్వాత వస్తుంది.

అరవైల మొదట్లో నన్ను రైతులకు సేద్యం పద్ధతులు చూపించే డిమాన్‌స్ట్రేటరుగా వినుకొండ వైపు వేశారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, ఒంగోలు దాకా అంతా గుంటూరే. అక్కడి మెట్టభూములు ఎర్ర గరప, గడ్డపార వేస్తే మూర లోతులో సున్నపురాయి తగులుతుంది. మా నర్సరీకి అరమైలు దూరంలో ఒక చిన్న పల్లె ఉండేది. అంతా వ్యవసాయ కూలీలు, క్రైస్తవులు. తరాలుగా ఇతరుల మిరపతోటల్లో కాయలు కోసినవాళ్లు. వాళ్లకు ప్రభుత్వం కొండ కింద బంజరు ఇచ్చింది. అందరూ కలిసి ఒక బావి తవ్వుకున్నారు. నీళ్లు మిరపకు చాలవు గానీ నిమ్మకు చాలుతాయి. పల్లె పెద్దమనిషి నా దగ్గరికి వచ్చి, "అయ్యా, నిమ్మ మొక్కలిప్పిస్తే మా నేల మేం దున్నుకుంటాం" అన్నాడు. వాళ్ల నేల గురించి వాళ్లు మాట్లాడటం అదే మొదటిసారి అనుకుంటాను. ఆ మాట అనేటప్పుడు ఆయన నిలబడిన తీరు నాకింకా గుర్తుంది. ఇస్తానని మాటిచ్చాను.

నా మాట నమ్మి వాళ్లు గుంటలు తీశారు. పగలంతా ఊళ్లో కూలికి పోయి వచ్చి, పొద్దు వాలేవేళ గడ్డపారలతో సున్నపురాయి పగలగొట్టేవారు. ఆ చప్పుడు నర్సరీకి వినిపించేది.

ఆ ఏడు నారుకుళ్లు వచ్చింది. మొలకలు మెడ దగ్గర మెత్తబడి, ఎవరో కత్తెరతో కత్తిరించినట్లు పడిపోయాయి. మడికి పదో పదిహేనో మిగిలితే గొప్ప. వాళ్ల గుంటలు ఖాళీగా ఉండిపోయాయి. వానలకు మట్టి జారి సగం పూడిపోయాయి కూడా. ఆ దారిన సైకిల్ మీద వెళ్లాలంటే నాకు తల తిప్పుకోవలసి వచ్చేది.

ఆ తర్వాత ఒక పెద్ద ఊళ్లో రెండు వారాల శిక్షణకు పంపారు. అక్కడ మట్టిని ఆవిరితో ఉడికించి, రోగాలు లేకుండా చేసి, అందులో నారు పోయడం చూశాను. నాకు మతిపోయింది. మా నాన్న కాల్చేది పైపైనే కదా, ఇది అడుగుదాకా చంపుతుంది! తిరిగి వచ్చిన వారంలోనే రోడ్డు పనివాళ్ల దగ్గర ఖాళీ తారు పీపాలు సంపాదించాను. అడుగున నీళ్లు, మధ్యలో చిల్లుల రేకు, దాని మీద మట్టి, పైన తడి గోనెపట్టా. కింద తుమ్మమొద్దులు, మిరపకట్టె. మట్టి ఉడికిందో లేదో తెలియడానికి మధ్యలో ఒక బంగాళాదుంప పాతిపెట్టాలి. దుంప మెత్తబడితే మట్టి శుద్ధి అయినట్టు లెక్క.

నర్సరీలో ముసలి మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. నాకంటే ముందు నలుగురు డిమాన్‌స్ట్రేటర్లను చూసినవాడు. మొదటి పీపా కింద మంట అంటించినప్పుడు ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎండకి ఎండిన మట్టిని చూశాం, వానకి తడిసిన మట్టిని చూశాం. ఇగురుకూరలా ఉడికిన మట్టిని ఇదే చూట్టమండి" అన్నాడు.

ఆడకూలీలకు ఇక నవ్వే నవ్వు. "పోపెప్పుడు పెడతారో అడగవే!" అని ఒకామె. "ఉప్పు సరిపోయిందో లేదో అయ్యగారే చూడాల!" అని ఇంకొకామె. దుంపలు మాత్రం వృథా కాలేదు. వాటిని కడుక్కుని కారం అద్దుకుని తినేవారు. ఊళ్లో నాకు 'మట్టి వంట ఆఫీసరు' అని పేరొచ్చింది. వినుకొండ బస్సులో కండక్టరు కూడా ఆ పేరుతోనే సీటు చూపించేవాడు.

మడుల పని చూసే ఆమెను అందరూ మడులక్క అనేవారు. నలభై దాటిన మనిషి, ఆ క్రైస్తవపల్లె ఆమె. విత్తనం ఎంత లోతున పడాలో వేలి కణుపుతో కొలిచి చెప్పేది. నవ్వులు అయిపోయాక ఆమె నా దగ్గరికి వచ్చింది.

"అయ్యా, ఉడికిన గింజ మొలుస్తుందా?"

"మొలవదు. మేం ఉడికించేది గింజను కాదుగా, మట్టిని."

"మట్టి మాత్రం బతికింది కాదా అయ్యా?"

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవులకు వినిపిస్తుంది. నేను చదువుకున్న నాలుగేళ్లలో ఎవరూ నన్ను అంత సూటి ప్రశ్న అడగలేదు. దాన్ని నవ్వేసి పీపా దగ్గరికి వెళ్లిపోయాను.

నెల రోజులు ఉడికించాం. ఇటుకల అంచులు కట్టి పన్నెండు మడులు నింపాం. విత్తే రోజు నేను ఆఫీసు పని మీద ఊళ్లోకి వెళ్లి కొంచెం ఆలస్యంగా వచ్చాను. వచ్చేసరికి మడులక్క రెండో మడి గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన గంప, గంపలో నల్లటి మట్టి, అందులో ఎండుటాకులు, సన్నటి వేళ్లు.

"ఏంటది?"

"సారె అయ్యా."

"సారేంటి?"

"కొత్త మడికి పాత చెట్టు కింద మట్టి పెడతాం. మా అత్త పెట్టేది. మా చర్చి ఎనకమాల నిమ్మచెట్టు కిందది ఇది. పిల్లని అత్తారింటికి పంపేటప్పుడు పుట్టింటోళ్లు ఉత్తచేతుల్తో పంపరు గదయ్యా. అట్టాగే."

"నెల్లాళ్లు మంటలు పెట్టి శుద్ధి చేసింది నీ చెత్త కలపడానికా?"

"చెత్త కాదయ్యా, మడికి గుప్పెడు..."

ఆ తర్వాత నేను చేసింది మొదటే చెప్పాను. గంప బోర్లించాను. పోయిన ఏడు నారుకుళ్లు కూడా నీ గంపలోంచే వచ్చి ఉంటుందని అరిచాను. మేస్త్రీ ఏదో అనబోయి గొంతు సవరించుకుని ఊరుకున్నాడు. ఆమె ఏడవలేదు. గట్టు దిగి, ఖాళీ గంప తీసి, దులిపింది.

"గంప నాదయ్యా" అని, చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

నారు మొలిచింది. ఒక్క మొలకా కుళ్లలేదు! దువ్వెన పళ్లలా వరసలు. పై ఆఫీసరు జీపులో వచ్చి చూసి నా భుజం తట్టాడు. మడుల మధ్య నన్ను నిలబెట్టి ఫొటో తీయించాడు. ఆ సంతోషంలో నేను ఇంకో తొందరపని చేశాను. మొక్క నాలుగాకులు కూడా వేయకముందే, ప్రయోగం పూర్తిగా ఫలించిందని రిపోర్టు రాసి పంపాను. పిల్లలూ, మొలక బతికినంత మాత్రాన మొక్క పెరిగినట్టు కాదు. రిపోర్టు రాయడానికి ఎప్పుడూ ఇంకో రెండు నెలలు ఆగండి.

నాలుగాకుల దగ్గర అవి ఆగిపోయాయి. దసరా వెళ్లింది, కార్తీకం వెళ్లింది. చావవు, పెరగవు. ఆకు చిన్నదైపోయి, పచ్చదనం మాసిపోయి పాత రాగిచెంబు రంగుకు తిరిగింది. ఇది భాస్వరం లోపమని పుస్తకం చెప్పింది. సూపర్ ఫాస్ఫేట్ వేశాను, ఎముకల పొడి వేశాను. ఒక వారం కాస్త కళ వచ్చినట్టనిపించి మళ్లీ మామూలే. మేస్త్రీ రోజూ పొద్దున్నే నాతోపాటు మడులు తిరిగేవాడు.

"ఎట్టా ఉన్నాయి?" అని నేను అడిగితే, "నిన్నటిలాగానే ఉన్నాయండి. మాట నిలబెట్టుకునే మొక్కలు" అనేవాడు.

పన్నెండింటిలో ఒక్కటి మాత్రం వేరుగా ఉంది. బావి పక్కన మొదటి మడి. అందులో మొక్కలు మోకాటి ఎత్తుకు వచ్చి, ఆకు నలిపితే చెయ్యంతా నిమ్మవాసన కొట్టేలా ఉండేవి. బావిగట్టు తేమ అని నాకు నేను చెప్పుకున్నాను. వచ్చినవాళ్లకు ఆ మడి చూపించి, మిగతా పదకొండూ చూపించకుండా టీకి తీసుకెళ్లేవాణ్ని. ఆ మాట చెప్పడానికి ఇప్పుడు కూడా సిగ్గుగానే ఉంది.

చివరికి పైనుంచి ఉత్తరం వచ్చింది. ఫలించిన ప్రయోగం ఎందుకు ఆగిపోయిందో వివరించమన్నారు. ఏం రాయాలో నాకు తెలియదు. తెలియదని రాయడం చేతకాలేదు. ఆ గంప గుర్తొచ్చింది. నేను రాకముందే ఆమె అన్ని మడుల్లోనూ ఆ మట్టి కలిపి ఉంటుందనుకున్నాను. ఎవరినీ అడగలేదు. 'కూలి మనిషి ఒకరు ఆజ్ఞ మీరి బయటి మట్టి కలిపినందువల్ల వేళ్లకు తెలియని రోగం సోకింది' అని రాశాను. ఒక్క వాక్యమే.

ఆఫీసు కాగితంలో మాట ఊళ్లోకి నడిచి రావడానికి ఎంతసేపు? పల్లె పెద్దమనిషి వచ్చాడు. ఈసారి ఆయన నిలబడిన తీరు వేరు.

"మా మనిషే మా మొక్కల్ని పాడుచేసిందంటన్నారు. నిజమేనా అయ్యా?"

కుర్చీలోంచి లేవకుండానే నేను "అవును" అన్నాను.

ఆయన వెనుదిరిగి పల్లెకు వెళ్లిపోయాడు. మడులక్క అప్పటికే మిరపకోతలకు పోతోంది. పని పోయినందుకు ఆమె ఎవరితోనూ ఏమీ అనలేదట. కానీ ఆ 'అవును' తర్వాత చర్చిలో ఆమె పక్కన కూర్చోవడం అందరూ మానేశారట. వాళ్ల తప్పేం లేదు. రాళ్లు పగలగొట్టి గుంటలు తీసుకున్న మనుషులు. ఆ గుంటలు ఎవరి వల్ల ఖాళీగా ఉన్నాయో ఎవరో ఒకరు చెప్పాలి కదా. నేను చెప్పాను.

అంతా నిశ్చయమైనట్టు రాశానే గానీ లోపల కుదుటపడలేదు. పుష్యమాసంలో, కాలేజీలో నాకు శిలీంధ్రాల పాఠం చెప్పిన మాస్టారికి ఉత్తరం రాశాను. నాలుగు రాగిరంగు మొక్కలు పొట్లం కట్టి పంపాను. జవాబు రాలేదు. మాస్టారే వచ్చారు. మైక్రోస్కోపును దుప్పట్లో చుట్టి, చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని, బస్సు దిగారు.

"ఏమోయ్, నా క్లాసులో నిద్రపోయినవాళ్లంతా నర్సరీలు పెట్టుకున్నారా ఏమిటి?" అన్నారు దిగుతూనే.

మడులన్నీ ఒకసారి తిరిగారు. పీపాలు చూసి తల ఊపారు. బావి పక్క మడి దగ్గర ఆగిపోయారు.

"దీనికేం చేశావ్?"

"ఏం చేయలేదండి. అన్నిటికీ ఒకటే మట్టి, ఒకటే ఎరువు. ఇది బావి పక్కన..."

"బావిని అడగటం లేదు, నిన్ను అడుగుతున్నా."

అప్పుడు మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. ఆర్నెల్ల కిందట ఆగిపోయిన గొంతే అది.

"ఆ మడికి సారె పడిందండి" అన్నాడు.

"సారె ఏమిటి?"

"మడులక్క పెట్టింది. ఈ అయ్యగారు వచ్చేసరికి ఒక మడి అయిపోయింది. రెండోదాని దగ్గర దొరికిపోయింది. దీనికి పెట్టిందండి, మిగతా పదకొండూ ఉత్తవే."

నేను ఆయన వైపు తిరిగాను. "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు కదండీ" అన్నాడు మేస్త్రీ. "చెప్తే ఆ మడి కూడా పీకిస్తారని భయపడ్డాను" అన్నాడు.

అది నిజం. పీకించేవాణ్నే.

ఆ మధ్యాహ్నం మాస్టారు రెండు రకాల మొక్కల వేళ్లు కడిగి, కత్తిరించి, కాస్టిక్ నీళ్లలో ఉడికించారు. ("నీకు ఉడికించడం వచ్చు కదా, చూడు" అని ఆ పని నాకే అప్పజెప్పారు.) తర్వాత నీలిరంగు అద్ది, గాజుపలక మీద పెట్టారు. మొదట రాగిరంగు మొక్క వేరు చూడమన్నారు. ఇటుకలు పేర్చినట్టు కణాలు, అన్నీ ఖాళీ. ఖాళీ ఇళ్లు.

"ఇప్పుడిది చూడు."

బావి పక్క మడిలోని మొక్క వేరు. అందులో దారాలు. వేరు బయటినుంచి లోపలికి వచ్చిన నీలి దారాలు, కణాల మధ్య నుంచి పాకి, ఒక్కొక్క కణంలోకీ దూరి, అక్కడ కొమ్మలు వేశాయి. కొమ్మలకు రెమ్మలు, రెమ్మలకు ఇంకా సన్నటి రెమ్మలు. ఆకురాలిన కాలంలో తుమ్మచెట్టును దూరం నుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా. చెట్టు వేరు లోపల, కంటికి కనబడనంత చిన్న చెట్లు. నేను తల ఎత్తలేదు. మాస్టారు భుజం మీద చెయ్యివేసి పక్కకు జరిపితేగానీ జరగలేదు.

"అది బూజే" అన్నారాయన. "కానీ శత్రువు కాదు. కాపురం ఉంటుంది. ఈ నేలలో భాస్వరం లేక కాదోయ్, సున్నం పట్టుకుని వదలదు. నువ్వు బస్తాలతో పోసినా సున్నమే తింటుంది. వేరు తనకు అందినంత మేర ఉన్నది తినేస్తుంది, తర్వాత దాని చుట్టూ ఏమీ ఉండదు. ఈ దారాలు ఇంకా దూరం పోతాయి. వేరు దూరలేని సందుల్లో దూరి భాస్వరం తెచ్చి, ఇదిగో ఈ కొమ్మల దగ్గర మొక్కకు అందిస్తాయి. మొక్క ఆకులో వండుకున్న చక్కెర వాటికి పెడుతుంది. మొత్తం ఎలా జరుగుతుందో మాకూ ఇంకా తెలియదు. జరుగుతుందని మాత్రం తెలుసు."

"నారుకుళ్లు బూజును చంపడానికి ఉడికించానండి."

"చంపావు. దానితోపాటు దీన్నీ చంపావు. మీ నాన్నగారు మడి కాలిస్తే పైన రెండంగుళాలే కాలుతుంది, కిందది బతికి ఉంటుంది. నువ్వు అడుగుదాకా చంపావు." ఆయన గాజుపలక తుడుస్తూ, ఎవరితోనో అన్నట్టు అన్నారు: "ఆ పాత నిమ్మచెట్టు కింద మట్టిలో ఇది ఉంటుందని ఆవిడకెవరు చెప్పారో!"

అత్త చెప్పింది. నాకు మడులక్క చెప్పింది. నేనే వినలేదు.

ఆ తర్వాత జరిగినవి ముందు చెప్పి, ఒక ఆదివారం సంగతి చివర చెబుతాను.

పై ఆఫీసరుకు మూడో రిపోర్టు రాశాను. మొదటి రెండూ తప్పని, తప్పు నాదని, కూలి మనిషి మీద రాసిన వాక్యం కొట్టేయాలని రాశాను. ఆయన నన్ను పిలిపించి మూడు కాగితాలూ బల్ల మీద పరిచారు. "ఒకసారి నిన్ను పొగుడుకున్నావు, ఒకసారి ఆవిడను తిట్టావు, ఇప్పుడు నిన్ను తిట్టుకుంటున్నావు. నాలుగోది నా మీదా?" అన్నారు. మడుల మధ్య తీయించిన ఫొటో మాత్రం ఆఫీసు గోడ మీద నుంచి తీసేయించారు. నా ప్రమోషన్ కొంతకాలం ఆగింది. ఆగవలసిందే.

పదకొండు మడుల్లో వరసల మధ్య సన్నటి చాళ్లు తీసి, వేళ్లకు తగిలేలా ఆ మట్టి పెట్టాం. రెండు నెలలకు రాగిరంగు వదిలి కొత్త చిగురు వచ్చింది. ఆ చిగురు చూసిన రోజు మేస్త్రీ, "మాట తప్పాయండి!" అన్నాడు. తొలకరికి మొక్కలు అందలేదు, వెనకవానలకు అందాయి. పల్లెవాళ్లు పూడిన గుంటలు మళ్లీ తీశారు. నాటిన రోజు ప్రతి గుంటలోనూ మడులక్క గుప్పెడు మట్టి వేయించింది. నాలుగైదేళ్లకు ఆ కొండ కింద నిమ్మతోట కాపుకొచ్చింది. వినుకొండ సంతలో వాళ్ల కాయలు వాళ్లే బస్తాలు కట్టి అమ్ముకోవడం నేను కళ్లారా చూశాను. నేను పనిచేసిన ప్రతి నర్సరీలోనూ, బత్తాయి కానీ, వేప కానీ, చింత కానీ, పాత చెట్టు కింద మట్టి లేకుండా కొత్త మడి వేయనివ్వలేదు. దాన్ని ఏమంటారని అడిగితే సారె అనే చెప్పాను. రోగం ఉన్న చెట్టు కిందది తేకూడదని కూడా చెప్పేవాణ్ని. మా జిల్లా మట్టి గురించి, ఆ మట్టిని ఎరిగిన మనుషుల గురించి నాకున్న గర్వం ఇదే. నా వంతు ఏమిటంటే, ఆలస్యంగానైనా వాళ్ల పక్కన నిలబడటం నేర్చుకున్నాను.

ఇక ఆదివారం. మాస్టారు వెళ్లిన మర్నాడే అది. ప్రార్థన అయ్యేదాకా చర్చి బయట సైకిల్ పట్టుకుని నిలబడ్డాను. పాస్టరుగారికి సంగతి చెప్పి, రెండు నిమిషాలు మాట్లాడనివ్వమన్నాను. లోపలికి వెళ్లాక, రాత్రంతా సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"మొక్కలు మడులక్క వల్ల పాడవలేదు" అన్నాను. "నావల్ల పాడయ్యాయి. బాగున్న ఆ ఒక్క మడీ ఆమె పెట్టిన మట్టి వల్లే బాగుంది. ఈ చర్చి వెనక చెట్టు కింద మట్టి అది."

పెద్దమనిషి లేచాడు. "మరి ఆ రోజు నేనడిగితే అవునన్నారే?"

"అన్నాను. తెలుసుకోకుండానే అన్నాను. క్షమించమని అడగడానికి వచ్చాను."

మడులక్క వెనక గోడ దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. ముందు వరసలోంచి ఒక ముసలామె వెనక్కి తిరిగి, "ఒసేయ్, ఆ మూలనేం కూర్చుంటావే, ఇట్టా రా!" అని చాప మీద జరిగి చోటిచ్చింది. మడులక్క లేవడానికి కొంచెం టైము పట్టింది. వచ్చి కూర్చుంది. ముసలామె ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, ఇక తీయలేదు.

బయటికి వచ్చాక నేను ఆమె దగ్గరికి వెళ్లాను. రేపటినుంచి పనిలోకి రావాలని, మడుల మీద పెత్తనం ఇక పూర్తిగా ఆమెదేనని చెప్పాను. ఆమె విన్నది. కోపంగా ఏమీ అనలేదు, పోనీలే అని కూడా అనలేదు.

"మట్టి ఎప్పుడు కావాలయ్యా?" అంది.

"ఇప్పుడే. గంప ఇవ్వు, నేను మోస్తాను."

ఆమె నా మొహంలోకి చూసింది. ఇంటికి వెళ్లి గంప తెచ్చింది. అదే గంప.

"ఈసారి ఇసిరేయమాకండి" అని చేతికిచ్చింది.

చెట్టు మొదట్లో ఎండుటాకులు పక్కకు తోసి, ఎక్కడ తవ్వాలో, ఎంత తవ్వాలో ఆమె చూపించింది. నేను తవ్వాను. గంప నింపాను, అంచుదాకా. తువ్వాలు చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుంటే, పెద్దమనిషి చెయ్యి వేసి ఎత్తాడు. పల్లెలోంచి నర్సరీదాకా అరమైలు. దారిపొడుగునా జనం. "మట్టి వంట అయిపోయింది, వడ్డనకి తీసుకుపోతన్నారు!" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మెడ నొప్పి పుట్టింది గానీ దించమని అడగలేదు.

ఆదివారమైనా మేస్త్రీ నర్సరీలోనే ఉన్నాడు. గంప దించుకున్నాడు. మడులక్క ఒక్కొక్క మడి దగ్గరా కూర్చుని, చాలు తీసి, గుప్పిటతో మట్టి జల్లుతూ పోయింది. పదకొండు మడులూ అయ్యేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. గంపలో ఇంకా సగం మట్టి ఉంది.

"ఇంకా సగం ఉందే! ఇది కూడా వేసేద్దాం" అన్నాను.

"ఎందుకయ్యా అంత? గుప్పెడు పడితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది." చేతులు దులుపుకుని లేచింది. "ఆ మిగిలింది చెట్టుది. తీసకెళ్లి దాని మొదట్లోనే పోసి రండి."

మేస్త్రీ అటు తిరిగి బావిలోకి చూడటం మొదలుపెట్టాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నేను తువ్వాలు మళ్లీ చుట్టి నెత్తిన పెట్టుకున్నాను.